మెడలోతు దగ్గర మోకాలిరేవు

ఆ ఏటి మలుపు వైపు పొద్దుపోయాక ఎవరూ వెళ్ళరు. ఆ మలుపు పేరు మెడలోతు. అక్కడో దెయ్యం ఉందంటారు... ఆడదో మగదో తెలీదు. తొడల పైనుంచే ఉంటుందట, కింద కాళ్ళుండవు. నేలకి మూరెడెత్తున తేలుతూ వచ్చి, చెవిలో ఊదినట్టు ఒకే ఒక్క మాట అంటుందట — "దిగొద్దు" అని.

కళ్ళారా చూసినవాళ్ళెవరయ్యా అంటే మాత్రం ఒక్కరూ దొరకరు. పాలు పోసే ఆయన బావమరిది చూశాడట. లారీ డ్రైవరు తోడల్లుడు చూసి తొమ్మిది రోజులు జ్వరంతో మంచం పట్టాడట. దెయ్యాలెప్పుడూ బావమరుదులకీ తోడల్లుళ్ళకీ కనిపిస్తాయి గానీ, చెప్పేవాడికి కనిపించవు.

నేను చెప్పబోయేది అలాంటిది కాదు. ఒకాయన స్వయంగా వెళ్ళి, చూసి, తడిసి వచ్చిన సంగతి. ఆయన చెప్పినంతే చెబుతాను, నా వైపు నుంచి ఉప్పూ కారం వెయ్యను. ఒక రకంగా ఆ దెయ్యాన్ని అక్కడ పెట్టింది కూడా ఆయనే.

ఆయన పటాలు తయారుచేసే ఆఫీసులో పనిచేసేవాడు. కొండల్నీ ఏళ్ళనీ ఊళ్ళనీ వేరేవాళ్ళు కొలిచి గీస్తే, వాటి మీద పేర్లు రాయడం ఆయన పని. ఊళ్ళూ దారులూ రేవులూ నల్లసిరాతో, నీళ్ళ పేర్లు నీలిసిరాతో. చేతిరాత ఎంత బాగుండేదంటే ఆఫీసులో అందరూ ఆయన్ని అక్షరాలాయన అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

పదహారేళ్ళ కిందట ఈ ఏటి పటం ఆయన బల్ల మీదికొచ్చింది. గీతలన్నీ ఉన్నాయి, పేర్లే లేవు. వెళ్ళి కనుక్కురమ్మని ఆయన్నే పంపారు. చేతికో కాగితం ఇచ్చారు. అందులో 'నది పేరు' అని రాసి, ఎదురుగా ఒక్క గీత ఖాళీగా ఉంది.

ఏరు చిన్నదే. కొండ దగ్గర ఊటగా పుట్టి, ముప్పై కిలోమీటర్లు వంకర్లు తిరిగి పెద్దనదిలో కలుస్తుంది. చిక్కల్లా దాని పేరుతోనే వచ్చింది. మొత్తం ఏటికి పేరే లేదు. ఒక్కో మలుపుకీ ఒక్కో పేరుంది.

"మొత్తానికి కలిపి ఏమంటారు?" అని అడిగితే గొర్రెలు కాసే పెద్దాయన నవ్వాడు.

"మొత్తం ఏటితో ఎవరికి పనండీ? ఎవరు దిగేచోటు వాళ్ళకి కావాలి గానీ."

ఆ పేర్లు కూడా ఊరికే పెట్టినవి కాదు. రాళ్ళగలగల అంటే అక్కడ కాళ్ళు జాగ్రత్త. అత్తనవ్వు అంటే పైకి తేటగా ఉంటుంది, అడుగున బురద. మోకాలిరేవు అంటే నీళ్ళు మోకాళ్ళు దాటవు, పిల్లనెత్తుకుని కూడా దాటొచ్చు. దానికి ఎగువన మెడలోతు... దాని సంగతి పేరులోనే ఉంది. అక్కడ పుట్టినవాళ్ళకి ఈత నేర్పే ముందు పేర్లు నేర్పుతారు. పేరు తెలిస్తే దిగొచ్చో లేదో తెలిసినట్టే.

అక్షరాలాయన నాలుగు రోజులు ఏటి వెంట నడిచాడు. పదకొండు పేర్లు రాసుకున్నాడు. మోకాలిరేవు దగ్గర ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని తనే దాటాడు కూడా. మెడలోతు ఒడ్డున నిలబడి, అక్కడ నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా తిరగడం చూశాడు. అంతా చూశాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పదకొండు పేర్లు ఒక్క గీత మీద పట్టవు కదా. అందుకని ఆయనే ఒక పేరు కట్టాడు — సన్నేరు. వినడానికి బాగానే ఉంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మలుపుల పేర్లకి చోటు చాలదని పది పేర్లు తీసేశారు. దారి దాటేచోటు కాబట్టి మోకాలిరేవు ఒక్కటీ మిగిలింది.

అచ్చుకి పంపాల్సిన రోజు వచ్చింది. ఆయన 'సన్నేరు'ని నీలిసిరాతో ఏటి వంపు వెంట పెద్దపెద్ద అక్షరాల్లో, ఎడమెడంగా రాసుకొచ్చాడు. మొదటి అక్షరం కొండ దగ్గర, చివరిది పెద్దనది దగ్గర. మధ్యలో 'న్నే'... అది కింద వొత్తుతో సహా వచ్చి సరిగ్గా రేవు మీద కూర్చుంది.

నీలం అక్షరం మీద నల్ల అక్షరం పడకూడదని ఆ ఆఫీసులో గట్టి నియమం. పడితే పటం వెనక్కొస్తుంది. నీలాన్ని బ్లేడుతో గీకి మళ్ళీ రాయాలంటే ఒక రోజు పని. పైఅధికారి అప్పటికి రెండుసార్లు వచ్చి బల్ల పక్కన నిలబడి గడియారం చూసుకుని వెళ్ళాడు.

అక్షరాలాయన రేవు గుర్తునీ, దాని పేరునీ కొంచెం ఎగువకి జరిపాడు. ఎంత జరిపాడు... బియ్యపుగింజంత. పటం చూడముచ్చటగా వచ్చింది. అధికారి భుజం తట్టి వెళ్ళాడు.

పటం మీద బియ్యపుగింజంటే నేల మీద మూడొందల మీటర్లు. మోకాలిరేవు వెళ్ళి మెడలోతులో పడింది.

కొన్నేళ్ళు ఏమీ కాలేదు. ఊరివాళ్ళెవరూ పటం చూసి ఏరు దాటరు. తర్వాత రోడ్లవాళ్ళు పటం పట్టుకొచ్చి, కొలుచుకుని, మెడలోతు ఒడ్డున తెల్లటి బోర్డు పాతారు. బోర్డు మీద 'మోకాలిరేవు' అని రాసి, నీళ్ళ వైపు ఒక బాణం గుర్తు వేశారు. ఊరివాళ్ళు దాన్ని చూసి కడుపుబ్బ నవ్వుకుని, ఎప్పటిలాగే దిగువకి వెళ్ళి దాటారు. బోర్డులు చదివేది కొత్తగా వచ్చినవాళ్ళే.

అలా కొత్తగా వచ్చింది ఒక నర్సు. ఆసుపత్రి ఉద్యోగంలో చేరి నాలుగో రోజు. ఏటికి అవతల ఎవరికో నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. చీకటి పడింది. తోడు వచ్చేవాళ్ళ కోసం ఆగితే ఆలస్యమవుతుందని సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. టార్చి వెలుగులో బోర్డు చదువుకుంది. దిగింది.

ఆ తర్వాత సంవత్సరం అక్షరాలాయన బల్ల మీదికి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఆ అమ్మాయి తండ్రి. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. రేవు తప్పుచోట ఉంది, మా అమ్మాయి పోయింది, ఇంకెవరూ పోకుండా పటం సరిచేయండి — ఇంతే. పరిశీలించి జవాబివ్వమని అధికారి ఆయనకే పంపాడు.

పరిశీలించడమంటే ఏం చేస్తారు? అచ్చయిన పటాన్ని అసలు పటంతో పెట్టి చూస్తారు. పెట్టి చూశాడు. తేడా లేదు, ఎందుకుంటుంది, రెండూ తను రాసినవే. తన అందమైన చేతిరాతతో జవాబు రాశాడు: 'పటంతో సరిపోల్చి చూడగా రేవు పటంలో చూపిన చోటనే ఉన్నది.'

తెలియక రాయలేదు. ఉత్తరం మొదటి వరుస చదవగానే బియ్యపుగింజ గుర్తొచ్చింది. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం ఏమవుతుందో, నలుగురూ ఏమంటారో అని భయమేసింది. అందుకని తెలిసే రాశాడు.

అది మొదలు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని ఒక్క మెతుకుని వేలితో పక్కకి జరిపి, దాన్నే చూస్తుండేవాడు. "ఏం వెతుకుతున్నారండీ, రాయేమైనా తగిలిందా?" అని భార్య అడిగితే, లేదనేవాడు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

ఇంకో నెలలో ఉద్యోగం అయిపోతుందనగా ఆ పటమే మళ్ళీ అచ్చుకొచ్చింది. తప్పు దిద్దాలంటే ఒక కాగితం నింపాలి. తప్పేమిటి, ఎలా జరిగింది, ఎవరి వల్ల — మూడు ప్రశ్నలు. ఆయన ఆ కాగితాన్ని ఖాళీగానే జేబులో పెట్టుకుని, స్నేహితుడి కూతురి పెళ్ళని ఇంట్లో చెప్పి, బస్సెక్కాడు. ముందు చోటు చూసుకుని వస్తాను, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడు. పగలైతే ఎవరండీ మీరని అడుగుతారు. అందుకని సాయంత్రం బస్సే ఎక్కాడు.

దిగేసరికి దీపాలు పెట్టారు. రోడ్డు పక్క టీకొట్టులో ఒకావిడ గ్లాసులు కడుగుతోంది. టీ తాగి, ఏటి దారి అడిగాడు.

"ఇప్పుడా? పొద్దున్నే వెళ్ళండి అన్నయ్యా."

"చూడాల్సింది ఒకటుందమ్మా."

"అక్కడ చూడాల్సిందేముంది, చూడకూడనిది ఉంది గానీ." గొంతు తగ్గించి దెయ్యం సంగతంతా చెప్పింది. చెప్పి, ఆయన బూట్లూ సంచీ ఎగాదిగా చూసింది. "మీరు రోడ్లవాళ్ళా?"

"కాదు."

"పటాలవాళ్ళా?"

"...కాదమ్మా."

తేలు కుట్టిన దొంగలా చిల్లర అక్కడ పెట్టి బయటికొచ్చాడు.

దారి పొలాల మధ్య నుంచి దిగుతుంది. చంద్రుడు లేడు. కీచురాళ్ళు ఒక్కసారి ఆగిపోతాయి... మళ్ళీ మొదలవుతాయి. దూరంగా దిగువన నీళ్ళు రాళ్ళ మీద పారుతున్న చప్పుడు. అది మోకాలిరేవు. ఇటు దగ్గరలో ఏ చప్పుడూ లేదు. ఇటు మెడలోతు.

టార్చి వేశాడు. వెలుగు నేరుగా బోర్డు మీద పడింది.

బోర్డు రాసినవాడెవడో పటంలో అక్షరాల్ని చూసి అచ్చంగా అలాగే దింపాడు. అది తన చేతిరాతే. 'కా' దీర్ఘం చివర తను తిప్పే చిన్న మెలికతో సహా. అక్షరాలాయన టార్చి ఆర్పేశాడు.

ఎంతసేపు అక్కడ నిలబడ్డాడో ఆయనకే తెలీదు. ఒక పిచ్చి ఆలోచన వచ్చింది... ఏమో, ఇన్నేళ్ళలో ఏరు మేట వేసిందేమో. లోతు పోయిందేమో. ఇప్పుడు మోకాళ్ళ దాకానే ఉందేమో. ఉంటే తను రాసింది నిజమైపోతుంది. తప్పుచేసినవాడి మనసు ఎంతకైనా తెగిస్తుంది, ఏటినైనా పూడ్చేస్తుంది.

బూట్లు విప్పాడు. ఒక అడుగు వేశాడు. చీలమండ దాకా. చల్లగా ఉంది. ఇంకో అడుగు... పిక్కల దాకా.

"దిగొద్దు..."

చెవి పక్కనే అన్నట్టు. ఊపిరంత గొంతు.

తల తిప్పాడు. ఒడ్డు మీద తెల్లటి ఆకారం. నడుం ఉంది, చేతులున్నాయి. తొడల కింద ఏమీ లేదు. మసకగా ఒక వెలుగు దాని పక్కన ఊగుతోంది. ఆ ఆకారం నేలకి తగలకుండా తన వైపు వస్తోంది.

"దిగొద్దు... దిగొద్దు..."

అక్షరాలాయన వెనక్కి అడుగేశాడు. కాలి కింద నేల లేదు. ఒక్కసారిగా చల్లదనం గడ్డం దాకా, ముక్కు దాకా వచ్చింది. అరవడానికి నోరు తెరిస్తే నీళ్ళు లోపలికెళ్ళాయి. 'ఆ అమ్మాయికీ ఇలాగే' అన్నది ఒక్కటే తోచింది. ఇంకేమీ గుర్తు రాలేదు.

ఒక చెయ్యి కాలరు పట్టుకుంది. లాగింది. వేళ్ళు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. దెయ్యం చెయ్యి వెచ్చగా ఉంటుందని ఏ బావమరిదీ చెప్పలేదు.

ఒడ్డున పడి దగ్గుతుంటే, తెల్లటి ఆకారం పక్కనే కూలబడి ఆయాసపడుతోంది. ముసలాయన. డెబ్భై దాటి ఉంటాయి. ఒంటి మీద తెల్లచొక్కా, తెల్లదుప్పటి. కాళ్ళకి తొడల దాకా నల్లటి రబ్బరు బూట్లు. చీకట్లో ఆ బూట్లు కనబడవు, అంతే.

"భయపడ్డారా?" అన్నాడు ముసలాయన. గొంతు లేదు, గాలే. "గట్టిగా అరవలేనండి. మంచులో అరిచి అరిచి గొంతు పోయింది. పటం చూసుకుని వచ్చారా?"

"...అవును."

"అందరూ అంతే. ఈ నెలలో మీరు మూడో మనిషి."

అక్షరాలాయనకి అడగక్కర్లేకుండానే ఈయనెవరో అర్థమైంది. అయినా అడిగాడు. "రోజూ ఇక్కడే ఉంటారా?"

"పగలు బోర్డు పక్కనే నీళ్ళ రంగు కూడా కనబడుతుంది, ఎవరూ దిగరు. చీకటి పడితేనే." పక్కన పెట్టిన లాంతరు వత్తి కొంచెం పెంచాడు. "మా అమ్మాయి ఇక్కడే పోయింది. నర్సు. తొమ్మిదేళ్ళయింది."

"బోర్డు... తీసేయచ్చుగా."

"రెండుసార్లు పీకాను. రెండుసార్లూ మళ్ళీ పాతారు, పటంలో ఇక్కడే ఉందట. మూడోసారి పీకితే జైల్లో పెడతామన్నారు. నేను జైల్లో కూర్చుంటే ఇక్కడెవరు నిలబడతారు? అందుకని ఊరుకున్నా."

"జనం మిమ్మల్ని దెయ్యం అనుకుంటున్నారు."

"అనుకోనివ్వండి. భయపడ్డవాడు నీళ్ళలోకి దిగడు. మీరొక్కరే వెనక్కి, నీళ్ళలోకి అడుగేశారు." చిన్నగా నవ్వాడు. నవ్వు కూడా గాలే.

అక్షరాలాయన చొక్కా జేబు తడుముకున్నాడు. కాగితం తడిసి ముద్దయింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ పటం రాసినవాడి మీద మీకు కోపం లేదా?"

ముసలాయన నీళ్ళ వైపు చూశాడు.

"మొదట్లో ఉండేది. చంపేద్దామన్నంత ఉండేది. తర్వాత ఆలోచించాను. పాపం, ఎక్కడో గదిలో కూర్చుని రాసి ఉంటాడు. ఈ ఏరు చూసి ఉండడు. ఒక్కసారి చూసినవాడెవడూ అలా రాయడు కదండీ."

అక్షరాలాయన తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆయన క్షమించింది తనని కాదు, ఏరు చూడని ఇంకెవరినో.

"మీరు కాసేపు పడుకోండి," అన్నాడు చివరికి. "నేను నిలబడతాను."

"మీకెందుకండీ శ్రమ, తడిసిపోయారు."

"ఎలాగూ తడిశాను."

ముసలాయన ఒక నిమిషం ఆలోచించి బూట్లు విప్పి ఇచ్చాడు. లాంతరు చేతిలో పెట్టాడు. బోర్డుకి ఇవతల పరిచి ఉన్న చాప మీద ఒరిగి, దుప్పటి కప్పుకున్నాడు. రెండు నిమిషాల్లో ఊపిరి నెమ్మదించింది. ఎన్నేళ్ళ నిద్రో.

అక్షరాలాయన లాంతరుతో నీళ్ళ పక్కన నిలబడ్డాడు. చలి వేస్తోంది. కీచురాళ్ళు అరుస్తున్నాయి... ఆగాయి.

మళ్ళీ మొదలుకాలేదు.

దారి వైపు నుంచి అడుగుల చప్పుడు. తొందరగా, తేలిగ్గా వస్తున్న అడుగులు. సంచీ బకిల్ కదిలినట్టు చిన్న శబ్దం. బోర్డు దగ్గరికొచ్చి ఆగింది. లాంతరు ఎత్తాడు. వెలుగు అంతదూరం పోలేదు.

"ఎవరు?" అన్నాడు. "దిగొద్దు. ఇక్కడ లోతు."

"ఇది మోకాలిరేవేగా?"

ఆడగొంతు. చిన్నవయసు. అలిసిపోయి, ఎక్కడికో ఆలస్యమవుతున్న గొంతు.

"కాదమ్మా. అది కిందుంది. ఇటు రాకుండా ఒడ్డు వెంబడి దిగువకి వెళ్ళు."

తర్వాత అదే గొంతు, కోపం లేకుండా, తెలుసుకోవడానికి అడిగినట్టు —

"మరి ఇక్కడేనని రాసుందిగా..."

అక్షరాలాయన లాంతరు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పు రాసుంది," అన్నాడు. "నేనే రాశాను. ఏరు చూడకుండా రాయలేదు తల్లీ, చూసే రాశాను. అక్కడ దాటాను, ఇక్కడ నిలబడి చూశాను. అక్షరం అడ్డొచ్చిందని పక్కకి జరిపాను. మీ నాన్న ఉత్తరం రాస్తే... సరిగ్గానే ఉందని జవాబిచ్చింది కూడా నేనే."

బోర్డు దగ్గరి నుంచి అడుగులు కదిలాయి. దిగువకి. ఒడ్డు వెంబడి, తొందరగా. చాలా దూరాన, రాళ్ళ మీద నీళ్ళు పారే చోట, ఎవరో మోకాళ్ళ లోతులో నడుస్తున్నట్టు చప్పుడైంది. అవతలికి వెళ్ళి ఆగిపోయింది.

అక్షరాలాయన ముఖం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

ముసలాయన చాప మీద లేచి కూర్చుని ఉన్నాడు. దుప్పటి భుజాల మీంచి జారిపోయింది. ఎప్పుడు లేచాడో తెలీదు. బోర్డు వైపు చూశాడు, దిగువకి చూశాడు, చివరికి అక్షరాలాయన ముఖంలోకి చూశాడు.

"అటు ఎవరూ లేరండీ," అన్నాడు, ఆ గొంతులేని గొంతుతో. "ఆ మాటేదో నాతో చెప్పండి."